రేకుల గదిలో తిప్పిన రక్తం

కరోనా మాస్కులను జనం ముక్కు మీంచి గడ్డం కిందికీ, గడ్డం కిందినుంచి జేబులోకీ దింపేసిన ఏడాది అది. మే నెల, కడప. ఊరి పేరు చెప్పాక ఎండ గురించి వేరే చెప్పే పని లేదు. అక్కడ ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో నేను సీనియర్ టెక్నీషియన్‌ని. మాది వేంపల్లె దగ్గరి పల్లె. ఇరవై ఏళ్లకు పైగా జనం చేతుల్లో సూదులు గుచ్చాను. రమక్క గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదని పేరు. ఆ పేరు నాకు నేనే పెట్టుకున్నానని మా ఆయన ఎగతాళి చేస్తాడు. అంటే అన్నాడు గానీ, ఆయనకు రక్తపరీక్ష అవసరమైతే ఇంకొకరి ముందు చెయ్యి చాపడు.

ల్యాబు పనంటే రక్తాన్ని గొట్టంలో పోసి మిషన్లో పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. మిషన్ పని మిషన్ చేస్తుంది, నిజమే. కానీ సూది బయటికి వచ్చినప్పటి నుంచి మిషన్ దగ్గరికి చేరేదాకా ఆ రక్తం మా చేతిలో ఉంటుంది. అసలు కథంతా ఆ కాస్త దూరంలోనే నడుస్తుంది. మస్తాన్ విషయంలో నాకది బాగా తెలిసొచ్చింది.

మస్తాన్ కుల్ఫీలు అమ్ముతాడు. పాత బస్టాండు వైపు సాయంత్రం పూట తోపుడుబండి పెడతాడు. చిక్కగా కాచిన పాలను రేకు గొట్టాల్లో పోసి మూత బిగించి, ఐసుముక్కలూ రాళ్ల ఉప్పూ కలిపిన పెద్ద కుండలోకి దించుతాడు. ఉప్పు తగిలిన ఐసు త్వరగా కరుగుతుంది, కరుగుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. అందుకే ఆ కుండలో నీళ్లు ఉత్త ఐసుకంటే చల్లగా ఉంటాయి. అందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి గొట్టాలు తిప్పుతూ ఉండాలి. వాళ్ల నాన్న చేసిన పని, తర్వాత ఈయన చేసిన పని అదే.

ఆరోజు భార్య ఖాసింబీతో కలిసి వచ్చాడు. కుడిచేతికి తువ్వాలు చుట్టుకున్నాడు.

"ఏమప్పా, చెయ్యి దాచిపెట్టుకుంటే రక్తం యాడ నుంచి తీయాల?" అన్నాను.

"ఎడమ చేతిలో తీసుకో అక్కా. ఇది సూసేటట్టు లేదు."

"ఇరవై ఏండ్లుగా సూడరానివన్నీ సూస్తాండా. తియ్యి."

తువ్వాలు తీశాడు. చూపుడువేలు, నడిమివేలు కొసలు నల్లబడి ఉన్నాయి. లుంగీ కాస్త పైకెత్తి చూపించాడు. పిక్కల మీద ఊదారంగు మచ్చలు, కందిపప్పు చల్లినట్టు. చలికాలంలో వేళ్లు తిమ్మిరెక్కడంతో మొదలైందట. తర్వాత మచ్చలు, కీళ్లనొప్పులు, చివరికి ఈ నలుపు. ఒక సర్జన్ చూసి రెండు వేళ్ల కొసలూ తీసేయాలి, ఆలస్యం చేస్తే పైకి పాకవచ్చు అని తేదీ కూడా చెప్పేశాడు.

ఖాసింబీ గోడకు ఆనుకుని నిలబడి చెప్పింది. "వేళ్లు పోతే పోనీ, మనిషి ఉంటే శాలనుకుంటి అక్కా. కానీ ఊర్లో ఏమంటాండారో తెలుసునా? కుష్టంట. దాన్ని పట్టుకోని కుల్ఫీలు అమ్ముతాండాడంట. పిల్లోళ్లు బండి కాడికి వస్తే తల్లులు రెక్క పట్టుకోని ఈడ్చకపోతాండారు."

మస్తాన్ తలెత్తలేదు. "వేళ్లు తీసేస్తే ఇంగ మాట్లాడేదే లేదు. కుష్టే అని ముద్ర కొట్టినట్టే" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కుష్టు అయితే మాత్రం ఏం, మందులున్నాయి, నయమవుతుంది. అయినా ఈయనకు అది లేదని మా చర్మం డాక్టర్ శైలజ ముందే తేల్చి చెప్పింది. ఆమెకు వేరే అనుమానం ఉంది. క్రయోగ్లోబులిన్ అనే ఒక రకం ప్రోటీన్ కొందరి రక్తంలో తయారవుతుంది. ఒంటి వేడిలో అది నీళ్లలా కరిగి ఉంటుంది. చల్లబడితే పేరుకుంటుంది. చలికాలం పొద్దున నెయ్యి డబ్బా చూస్తే తెలుస్తుంది కదా, అట్లా. వేళ్ల కొసలు, పాదాలు, చెవులు ఒంట్లో చల్లటి చోట్లు. అక్కడి సన్నటి రక్తనాళాల్లో ఆ ప్రోటీన్ పేరుకుంటే దారి మూసుకుపోతుంది. రోజూ ఉప్పు ఐసులో చెయ్యి పెట్టే మనిషికి ఇక చెప్పేదేముంది?

అనుమానం బలంగానే ఉంది, రుజువే లేదు. ఆ పరీక్ష కోసం మేం రక్తం తీసి పెద్ద నగరంలోని ల్యాబుకు రెండుసార్లు పంపాం. రెండుసార్లూ ఒకటే జవాబు. ఏమీ లేదు.

రెండో రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ స్వయంగా ల్యాబులోకి వచ్చింది. ఆమె సామాన్యంగా కిందికి రాదు.

"రమా, రాత్రి కూర్చుని మళ్లీ చదివాను. ఈ పరీక్షకు రక్తం ఒంటి వేడి తగ్గకుండా ఉండాలంట, సీరం విడదీసేదాకా. మనం ఎట్లా పంపించాం?"

"ఎప్పట్లానే మేడం. తీసిన వెంటనే ఐసు పెట్టెలో..."

నా మాట నాకే అడ్డం పడింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

ఇది మా ఎండదేశపు వాళ్లు మాత్రమే ఇంత శ్రద్ధగా చేయగలిగిన పొరపాటు. కడపలో ల్యాబు పని నేర్చుకునే ప్రతి ఒక్కరికీ మొదటిరోజు నూరిపోసేది ఒకటే, శాంపిల్‌కు ఎండ తగలనివ్వొద్దు అని. బస్సు డ్రైవర్ పక్కన పెట్టినా, స్కూటర్ మీద తీసుకుపోయినా ఐసుపెట్టె తప్పదు. బిడ్డకు నీడ పట్టినట్టు రక్తానికి చల్లదనం పడతాం. చాలా పరీక్షలకు అది మంచి అలవాటే. ఈ పరీక్షకు మాత్రం అదే విషం. ఐసుపెట్టెలో ప్రోటీన్ పేరుకుని, గడ్డకట్టిన రక్తంతో పాటు అడుగుకు చేరిపోయింది. అక్కడి ల్యాబువాళ్లు పైన తేలిన పసుపు నీటిని, అంటే సీరంను తీసుకుని, అడుగుది పారేశారు. దొంగను బయటికి పంపించి ఇల్లంతా వెతికినట్టయింది. వాళ్లను అనడానికేం లేదు, వాళ్లకు చేరినదాంట్లో నిజంగానే ఏమీ లేదు.

"మళ్లీ పంపిద్దామా?" అంది డాక్టరమ్మ.

"ఎవురికీ పంపించొద్దు మేడం. ఈడనే చేస్తా" అన్నాను.

అనేశాను గానీ, చేయడమెట్లా? మా ల్యాబులో ఏసీ రాత్రీపగలూ తిరగాల్సిందే, లేకపోతే పెద్ద మిషన్ మొరాయిస్తుంది. రక్తాన్ని వెచ్చటి నీళ్లలో ఉంచి గడ్డకట్టించడానికి వాటర్ బాత్ ఉంది, సరే. ఆ తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి. గొట్టాలను గిరగిరా తిప్పి సీరంను పైకి విడదీసే మిషన్ అది. మాది చిన్నది, వేడి పెట్టుకునే సౌకర్యం లేనిది. ఏసీ గదిలో ఆ కాసేపటికే గొట్టం చల్లారిపోతుంది. పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. గంటన్నర ఏసీ ఆపమని మేనేజరును అడిగితే, ఆపితే మిషన్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారని ఆయన నా మీదికి లేచాడు. ఆయన బాధ ఆయనది.

ఆరోజు మధ్యాహ్నం అన్నం తినడానికి మెట్లెక్కి పోతూ మిద్దె మీది రేకుల గది చూశాను. విరిగిన మంచాలూ, సెలైన్ స్టాండ్లూ పడేసే గది. తలుపు తీస్తే పొయ్యిలోంచి వచ్చినట్టు వేడి గాలి మొహాన కొట్టింది. అక్కడే నిలబడి నవ్వుకున్నాను. ఊరంతా తిట్టుకునే ఎండ నాకు ఉచితంగా వచ్చిన ఇంక్యుబేటర్ లాగా కనిపించింది.

మర్నాడు థర్మామీటర్ పెట్టి చూశాను. పొద్దున కాస్త తక్కువ. పది దాటాక ఒంటి వేడికి సరిగ్గా సరిపోతుంది. మిట్టమధ్యాహ్నానికి మరీ ఎక్కువ, అప్పుడు రక్తం చెడిపోతుంది. పదీ పదకొండున్నర మధ్య నాకు కావలసిన సమయం దొరికింది. ఇద్దరు ఆయాలూ నేనూ కలిసి సెంట్రిఫ్యూజ్‌ను దుప్పట్లో పెట్టి మెట్ల మీద మోశాం. మోస్తున్నంతసేపూ వాళ్లు నన్ను తిట్టని తిట్టు లేదు. వైరు కింది అంతస్తు నుంచి లాగాం. ప్లాస్కులో వెచ్చటి నీళ్లు పోసి, సిరంజీ గొట్టాలూ అందులోనే వెచ్చబెట్టాను.

మస్తాన్‌నూ ఖాసింబీనీ పైకి తీసుకొచ్చి, ఆయన్ను విరిగిన మంచం మీద కూర్చోబెట్టాను. ముగ్గురం చెమటతో తడిసి ముద్దయ్యాం.

"అక్కా, రక్తం తీస్తాండావా, నన్ను ఉడకబెడతాండావా?" అన్నాడు.

"గమ్మునుండప్పా. నీ రక్తానికి సలి పుట్టకూడదు."

"మే నెల్లో కడపలో నా రక్తానికి సలా!" అని ఖాసింబీ వైపు చూసి నవ్వాడు. నా దగ్గరికి వచ్చిన తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. కాసేపయ్యాక వేళ్లు ముడిచి తెరిచి చూసుకుని, "ఈ కొట్టంలో వేళ్లు రొంత గుంజడం తగ్గిండాది అక్కా. నిజంగా" అన్నాడు. నేను సూది గుచ్చాను. వేడికి తగ్గుతోందంటే మా అనుమానం నిజమే కావచ్చు.

గడ్డకట్టనిచ్చి, తిప్పి, సీరం తీసి రెండు గొట్టాల్లో పోశాను. ఒకటి వాటర్ బాత్‌లో, ఒకటి ఫ్రిజ్‌లో. రెండూ ఆముదంలా పచ్చగా, తేటగా ఉన్నాయి. డాక్టరమ్మ సర్జన్‌తో మాట్లాడి ఇంకో వారం గడువు తెచ్చింది. ఆ వారం లోపల ఫ్రిజ్‌లోని గొట్టంలో ఏదైనా పేరుకుంటే వేళ్లకు ఆశ ఉంటుంది. పేరుకోకపోతే కత్తే.

మర్నాడు ల్యాబు తాళం తీయగానే ఫ్రిజ్ దగ్గరికే పోయాను. తేటగా ఉంది. ఆ మర్నాడూ తేటగానే ఉంది. ఖాసింబీ రోజూ వచ్చి కిటికీ దగ్గర నిలబడేది. ఏమీ అడిగేది కాదు. నేను తల అడ్డంగా ఊపితే వెళ్లిపోయేది. అడిగి ఉంటే నాలుగు మాటలు చెప్పి తప్పించుకునేదాన్ని, అడగకపోవడంతో నాకు అన్నం సహించేది కాదు.

మా ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు. నా మొహం చూసి అడిగితే విషయం చెప్పాను. ఆయనకు ఏనుగెక్కినంత సంబరం. "ఇది ఫేజ్ ట్రాన్సిషన్ కదే!" అన్నాడు. అంటే పదార్థం అదే ఉండి, వేడో ఒత్తిడో ఒక గీత దాటగానే రూపం మార్చుకోవడం. నీళ్లు ఐసు కావడం అదే, ఐసు నీళ్లు కావడం అదే. "విశ్వం పుట్టిన కొత్తలో అంతా ఒకటే మరుగుడు. చల్లారే కొద్దీ ఒక్కో గీత దగ్గర ఒక్కోటి విడిపోతా వచ్చిందంటారు. నీ ఒంట్లో కణాల్లో కూడా అంతే. కొన్ని ప్రోటీన్లు నీళ్లలో నూనె మాదిరి బొట్లుగా విడిపోతాయి, పని కాగానే మళ్లీ కలిసిపోతాయి. అవి కలవకుండా మొండికేస్తే రోగం."

"మీ విశ్వం సంగతి తర్వాత. నా గొట్టం మూడు రోజులుగా ఎందుకు పేరుకోలేదో చెప్పు."

"నీళ్లు కూడా సున్నా డిగ్రీ తగలగానే గడ్డకట్టవు రమా. ముందు యాడనో ఒక చిన్న గింజ కట్టాల. దాని సుట్టూ మిగతాది సేరుకోవాల. అంతవరకు బయటికి ఏమీ కనపడదు. నువ్వు మాటిమాటికీ ఫ్రిజ్ తలుపు తీయగాకు."

"నేను తీస్తాండానని నీకెవరు చెప్పినారు?"

"ఇంట్లో పెరుగు తోడేసి నువ్వు ఎన్నిసార్లు మూత తీసి సూస్తావో నాకు తెల్దా?"

ముప్పై ఏళ్ల కాపురంలో ఆయన ఫిజిక్స్ నాకు అక్కరకొచ్చింది ఆ ఒక్కరోజే. ఆ మాట ఆయనకూ చెప్పాను.

మర్నాడు గొట్టం బయటికి తీసి వెలుతురుకు పట్టి చూశాను. అడుగున తెల్లగా ఏదో ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. పాలవిరుగుడు లాగా సన్నటి తెలుపు, మెల్లగా వంచితే పొగలా లేచింది. వాటర్ బాత్‌లోని రెండో గొట్టం మాత్రం ముందటి లాగే తేటగా ఉంది. అప్పుడే ఎగరలేదు నేను. తెల్లదనం మామూలు మడ్డి కూడా కావచ్చు, ఏదైనా క్రిమి పెరిగినా అట్లాగే కనిపిస్తుంది. అందుకని ఆ గొట్టాన్ని వెచ్చటి నీళ్లలో పెట్టాను. మడ్డి అయితే కరగదు. చూస్తుండగానే అంచులు పలచబడ్డాయి, కాసేపటికి జాడ లేకుండా పోయింది. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టాను. ఈసారి సాయంత్రానికే తిరిగి వచ్చింది.

అప్పుడు ఎగిరాను. ల్యాబులో అందరూ చూస్తుండగా చప్పట్లు కొట్టాను. ఇరవై ఏళ్లలో రిపోర్టులు వేల మీద రాసి ఉంటాను, కానీ ఆ సాయంత్రం రాసినదాని కింద సంతకం పెట్టేటప్పుడు మాత్రం నాకు ఛాతీ పొంగింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు?

డాక్టరమ్మ గొట్టాన్ని తన కళ్ల ముందే కరిగించి చూసుకుని, నా భుజం మీద చెయ్యేసి, "రమా, ఇది ఇద్దరం కలిసి పట్టుకున్న దొంగ" అంది. వెంటనే హెపటైటిస్ సి పరీక్ష చేయమంది. అది కాలేయానికి పట్టే వైరస్. ఈ ప్రోటీన్ తయారవడానికి చాలామందిలో అదే మూలం. పాజిటివ్ వచ్చింది. ఎప్పుడు, ఎట్లా సోకిందో తెలియదు. తాకితే అంటేది కాదు, తిండి ద్వారా వచ్చేది కాదు, మందులతో పూర్తిగా పోయేది.

మస్తాన్‌ను పిలిచి తెల్లబడ్డ గొట్టం చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది నా రక్తంలోదా? మా కుల్ఫీ మాదిరే పేరుకోనుండాది కదక్కా!"

"అదేనప్పా. నువ్వు కుండలో చెయ్యి పెట్టినప్పుడల్లా, పాలతో పాటు నీ వేళ్లలో ఇది కూడా పేరుకుంటాండాది."

"అయితే కుష్టు కాదు."

"కాదు."

"వేళ్లు?"

"డాక్టరమ్మ సర్జన్‌కు ఫోన్ జేసింది. కత్తి పక్కన పెట్టినాడు."

ఖాసింబీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అన్ని రోజులుగా ఒక్క మాట అడగని మనిషి అట్లా ఏడుస్తుంటే నాకూ కళ్లు ఆగలేదు.

కర్నూలులో లివర్ డాక్టరు దగ్గర మూడు నెలల మాత్రలు రాశారు. ఐసు ముట్టుకోవద్దన్నారు. అప్పటినుంచి వాళ్లింట్లో పనులు మారిపోయాయి. పాలు కాచేది మస్తాన్, ఐసు కుండ తిప్పేది ఖాసింబీ. చూపుడువేలు పూర్తిగా తేరుకుంది. నడిమివేలు కొసన గోరంత నల్లటి చర్మం తనంతట తనే రాలిపోయి, కింద ఎర్రటి కొత్త చర్మం వచ్చింది. పిక్కల మీద మచ్చలు మాసిపోయాయి.

బేరాలు మాత్రం ఒక పట్టాన తిరిగి రాలేదు. రోగం పోయినంత త్వరగా పుకారు పోతుందా? ఒక సాయంత్రం డ్యూటీ దిగి, తెల్లకోటు విప్పకుండానే పాత బస్టాండుకు పోయాను. బండి ముందు నిలబడి, ఖాసింబీ కుండలోంచి తీసిన కుల్ఫీని మస్తాన్ చేతి నుంచే అందుకుని, నలుగురూ చూసేట్టు తిన్నాను. ఒక పెద్దాయన నా కోటు చూసి, "ఏమమ్మా, ఈయప్పకు బాగలేదంట గదా?" అన్నాడు. "ఈయప్ప రక్తం తీసింది నేనే. నేను తింటాండా. నువ్వు తప్పులెంచుకుంటా నిలబడతావో, తింటావో నీ ఇష్టం" అన్నాను. ఆయన రెండు కొనుక్కున్నాడు. నేను కూడా రెండోది అడిగాను, అది మాత్రం రుచి కోసమే.

మందులు ముగిశాక, చలికాలంలో మళ్లీ పరీక్ష పడింది. ఎండ సాయం లేదు. ఈసారి సెంట్రిఫ్యూజ్ గిన్నెలను కూడా వెచ్చటి నీళ్లతో కాచి, గది తలుపులు బిగించి, హీటర్ వేసి చేశాను. ఆ పద్ధతి ఇప్పుడు మా ల్యాబులో కొత్తగా చేరే ప్రతి పిల్లకూ నేర్పిస్తాను. ఐసుపెట్టె గురించి నూరిపోసే మొదటిరోజే, ఐసుపెట్టె ముట్టుకోకూడని రక్తం గురించి కూడా చెప్తాను. ఏ రిపోర్టులోనైనా "లేదు" అని రాసేముందు, ఉంటే కనిపించేటట్టు చూశామా అని తమను తాము ప్రశ్నించుకోమంటాను. ఈ కేసు నాకు నేర్పింది అదే.

వారం పాటు ఆ సీరం ఫ్రిజ్‌లో ఉంది. ఈసారి మా ఆయన మాట విని తలుపు పదేపదే తీయలేదు. వారం తర్వాత మస్తాన్‌నూ ఖాసింబీనీ ల్యాబుకు పిలిపించాను. చల్లటి గొట్టాన్ని మస్తాన్ చేతిలో, ఆ తేరుకున్న రెండు వేళ్ల మధ్యనే పెట్టాను. ఆయన కిటికీ దగ్గరికి పోయి వెలుతురుకు పట్టి, కిందా మీదా తిప్పి చూశాడు. పచ్చగా, అడుగుదాకా తేటగా ఉంది.

"ఏముండాది అక్కా ఇందులో?"

"ఏమీ లేదప్పా."

"ఏమీ లేకపోతే ఇంత దూరం సూపించేదానికి పిలిపిస్తివా?"

"ఏమీ లేదని సూపించేదానికే పిలిపిస్తి" అన్నాను.